చేపల తొట్టెకు దిక్కెవరు?
చిలుకకో చట్టం... కుక్కపిల్లకో చట్టం... రంగు చేపకు ఏదీ లేదు
దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పెంపుడు జీవుల వ్యాపారంపై ఒక పరిశీలన

దిల్‌సుఖ్‌నగర్: మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ కూడలి వరకు సాగే ప్రధాన రహదారి నగర తూర్పు ప్రాంతానికి జీవనాడి. శిక్షణ సంస్థలు, వసతి గృహాలు, వస్త్ర దుకాణాలు, తినుబండారాల బండ్లతో కిటకిటలాడే ఈ దారి పొడవునా, దానికి అటూ ఇటూ ఉన్న కాలనీల్లో పెంపుడు జీవుల దుకాణాలు, అక్వేరియంల అంగళ్లు కనిపిస్తాయి. గాజు తొట్టెల్లో గోల్డ్‌ఫిష్‌లు, ప్లాస్టిక్ డబ్బాల్లో ఒంటరిగా ఫైటర్ చేపలు, పంజరాల్లో రంగురంగుల పక్షులు, రూపాయి బిళ్లంత తాబేలు పిల్లలు వచ్చేపోయేవారిని ఇట్టే ఆకర్షిస్తాయి. పిల్లలు మారాం చేస్తే కొనిచ్చేవారు కొందరు. వాస్తు పేరు చెబితే నమ్మి కొనేవారు మరికొందరు. పట్టణ జీవితంలో ఒంటరితనానికి తోడు వెతుక్కునేవారు ఇంకొందరు.

కొనేవారికీ అమ్మేవారికీ అంతగా పట్టని ప్రశ్న ఒకటుంది. ఈ జీవిని అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచుకోవడం చట్టసమ్మతమేనా? ఒకే దుకాణంలో పక్కపక్కనే ఉండే నాలుగు జీవులకు నాలుగు రకాల సమాధానాలు రావడం ఈ వ్యవహారంలోని అసలు చిక్కు. వాటిలో ఒకదాన్ని కొంటే జైలుకు వెళ్లాల్సి రావచ్చు. మరొకదాన్ని కొంటే ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలి. మూడోదాన్ని అమ్మాలంటే దుకాణదారుకు గుర్తింపు ఉండాలి. నాలుగోదానికి ప్రత్యేక నిబంధనంటూ ఏదీ లేదు. ఆ నాలుగోది చేప.

రామచిలుక పంజరం... నేరమే

ముందుగా మన దేశపు జీవుల సంగతి చూద్దాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దేశీయ పక్షుల వ్యాపారాన్ని కేంద్రం 1990-91లోనే నిషేధించింది. అంటే పంజరంలోని రామచిలుక మూడు దశాబ్దాలకు పైగా నిషిద్ధ వస్తువే. చిలక జోస్యం చెప్పేవారి పంజరానికీ, ఇంటి వరండాలో ముద్దు మాటలు నేర్పే పంజరానికీ చట్టం దృష్టిలో తేడా లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో ఈ రామచిలుకనే తమ రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది. మన రాష్ట్ర పక్షి పాలపిట్టదీ ఇదే గతి. దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమన్న నమ్మకాన్ని సొమ్ము చేసుకునేందుకు వాటిని ముందే వలపన్ని పట్టి, రెక్కలు కట్టేసి, పంజరాల్లో ఊరేగించి డబ్బులు వసూలు చేస్తుంటారు. శుభశకునం కోసం పక్షి ప్రాణం మీదికి తేవడం ఏ శాస్త్రం చెప్పిందో వారికే తెలియాలి.

ఈ చట్టాన్ని పార్లమెంటు 2022లో సమూలంగా సవరించింది. సవరణలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు ఆరుగా ఉన్న షెడ్యూళ్లను నాలుగుకు కుదించారు. మొదటి రెండూ రక్షిత జంతువులవి, మూడోది మొక్కలది, నాలుగోది అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోని జీవులది. రామచిలుక రెండో షెడ్యూలులో ఉంది. నక్షత్ర తాబేలును ఏకంగా మొదటి షెడ్యూలులోకి చేర్చారు. మొదటి షెడ్యూలు జీవుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, కనీసం రూ.25 వేల జరిమానా తప్పవు. ఇతర సాధారణ ఉల్లంఘనలకు మూడేళ్ల వరకు జైలు గానీ, రూ.లక్ష వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు.

నక్షత్ర తాబేలు కథ మనకు పరాయిది కాదు. పొడి నేలలు, ముళ్లపొదలు దాని ఆవాసం. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు సరిహద్దు ప్రాంతాల నుంచి దీన్ని ఏరి తరలించడం ఏళ్ల తరబడి సాగుతోంది. దేశంలోని ఒకే ఒక వ్యాపార కేంద్రం చుట్టూ ఏడాదిలో కనీసం 55 వేల తాబేళ్లను పట్టి అమ్ముతున్నారని 2015లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్కగట్టింది. దరిమిలా 2019లో అంతర్జాతీయ ఒప్పందంలోనూ దీన్ని అత్యంత కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలోకి చేర్చారు. ఇంట్లో తాబేలుంటే లక్ష్మి నిలుస్తుందని నమ్మి తెచ్చుకునే గృహస్థు తనకు తెలియకుండానే ఈ గొలుసులో చివరి కొక్కెమవుతున్నాడు. తెలియదన్న మాట న్యాయస్థానంలో చెల్లదు.

విదేశీ జీవికి చిరునామా కావాలి

ఇక విదేశీ జీవుల వంతు. ఆఫ్రికన్ గ్రే చిలుక, మకావ్, ఇగువానా, బాల్ పైథాన్ వంటివి మన అడవుల్లో పుట్టినవి కావు. అందుకే చాలాకాలం మన వన్యప్రాణి చట్టం వాటిని పట్టించుకోలేదు. విమానాశ్రయంలో పట్టుబడితే కస్టమ్స్ కేసు. అక్కడ తప్పించుకుని ఊళ్లోకి వచ్చేస్తే అడిగే నాథుడే లేడు. అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్‌లో భారత్ 1976లోనే చేరినా, దేశంలోపల దానికి చట్టబద్ధమైన కోరలు రావడానికి 2022 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

దీనికి ముందు 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ స్వచ్ఛంద వెల్లడి పథకం ప్రకటించింది. తమ వద్ద ఉన్న విదేశీ జీవుల వివరాలను గడువులోగా తెలిపినవారిని అవి ఎక్కడి నుంచి వచ్చాయని అడగబోమని హామీ ఇచ్చింది. దేశవ్యాప్తంగా 32 వేలకు పైగా వెల్లడులు వచ్చాయి. నల్లధనానికి క్షమాభిక్ష పథకం ఎలాంటిదో ఇదీ అలాంటిదేనని విమర్శలు వినిపించాయి. పాత లెక్కలు సరిచేయకుండా కొత్త లెక్క మొదలుపెట్టలేమన్నది ప్రభుత్వ వాదన.

ఆ తర్వాత 2024 ఫిబ్రవరి 28న సజీవ జంతుజాతుల నమోదు నిబంధనలు వెలువడ్డాయి. నాలుగో షెడ్యూలులోని జీవి ఎవరి వద్ద ఉన్నా ఆరు నెలల్లోగా కేంద్రం నిర్వహించే పరివేష్ పోర్టల్ ద్వారా నమోదు చేయించుకోవాలని వాటి సారాంశం. ఆ గడువు అదే ఏడాది ఆగస్టు 28తో ముగిసింది. జీవి పిల్లలు పెట్టినా, చనిపోయినా, చేతులు మారినా అటవీశాఖకు తెలియజేయాలి. ఈ జీవులను వ్యాపారం కోసం ఉత్పత్తి చేసేవారికి లైసెన్సు ఉండాలి.

కాగితం మీద ఇది చక్కగానే ఉంది. అమలులో ఉన్న చిక్కును చెప్పడానికి ఒక్క చిలుకల వర్గం చాలు. ప్రపంచంలోని చిలుక జాతులు దాదాపు అన్నీ సైటిస్ జాబితాల్లో ఉన్నాయి. నాలుగింటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. మనవారు లవ్‌బర్డ్స్ అని పిలుచుకునే బడ్జెరిగార్లు, కాకటీల్, గులాబీ ముఖపు లవ్‌బర్డ్, రామచిలుక ఆ నాలుగు. గులాబీ ముఖపు లవ్‌బర్డ్‌కు నమోదు అక్కర్లేదు. దాని పక్క పంజరంలోనే ఉండే ఫిషర్స్ లవ్‌బర్డ్‌కు కావాలి. అంతర్జాతీయంగా మినహాయింపు పొందిన రామచిలుకను మన దేశంలో పెంచడమే నేరం. పక్షిశాస్త్రం చదివినవారే తడబడే ఈ తేడాలను కొత్తపేటలో పంజరం కొనడానికి వచ్చిన తండ్రి గుర్తుపట్టాలని ఆశించడం ఎంతవరకు సబబు? దుకాణదారు చెప్పాలి. అతను చెప్పకపోతే చెప్పించే యంత్రాంగం ఉండాలి. లోటు ఉన్నది అక్కడే.

విదేశీ జీవులు దేశంలోకి వచ్చే దారి ఎంత కర్కశమైనదో ఒక్క ఉదాహరణ చాలు. 2023 ఆగస్టులో బ్యాంకాక్ నుంచి బెంగళూరు విమానాశ్రయానికి వచ్చిన ఒక ప్రయాణికుడి సామాన్లలో 234 జీవులు బయటపడ్డాయి. కొండచిలువలు, ఊసరవెల్లులు, ఇగువానాలు, తాబేళ్లతో పాటు ఒక కంగారూ పిల్ల కూడా ఉంది. ఊపిరాడక ఆ కంగారూ పిల్ల అప్పటికే ప్రాణం విడిచింది. పెట్టెలో కుక్కిన జీవుల్లో కొన్ని దారిలోనే చచ్చినా మిగిలినవి అమ్ముడైతే చాలునన్నది స్మగ్లర్ల లెక్క. చనిపోయిన వాటి ధర కూడా బతికిన వాటి మీదే పడుతుంది. దాన్ని భరించేది కొనుగోలుదారుడే.

చేప జంతువే... కానీ పెంపుడు జంతువు కాదు

అంగళ్లలో సంఖ్యాపరంగా అత్యధికం చేపలే. వాటి విషయంలో చట్టం నడిచిన తీరు విడ్డూరంగా ఉంటుంది. జస్టిస్ ఏపీ షా నేతృత్వంలోని కేంద్ర లా కమిషన్ 2015 ఆగస్టులో తన 261వ నివేదిక సమర్పించింది. పెంపుడు జంతువుల దుకాణాలు, కుక్కల ఉత్పత్తితో పాటు అక్వేరియం చేపల ఉత్పత్తినీ నియంత్రించాల్సిన అవసరం ఉందన్నది ఆ నివేదిక శీర్షికే చెబుతుంది.

దీనికి కొనసాగింపుగా కేంద్ర పర్యావరణ శాఖ 2017 మేలో అక్వేరియం, చేపల తొట్టెల దుకాణాల నిబంధనలను నోటిఫై చేసింది. ప్రతి దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. చేపలకు ఆరోగ్య ధ్రువీకరణ ఉండాలి. పశువైద్య సేవలు అందుబాటులో ఉంచాలి. గుండ్రని గాజు గిన్నెల్లో చేపలను ఉంచరాదు. కృత్రిమంగా రంగులద్దిన చేపలను అమ్మరాదు. జాబితాలో చేర్చిన 158 జాతుల వ్యాపారం నిషిద్ధం. ఇవీ ఆ నిబంధనల్లో ముఖ్యమైనవి.

దేశమంతటా అలంకార చేపల రైతులు, వ్యాపారులు భగ్గుమన్నారు. చెన్నైలోని కొళత్తూరు వంటి చోట్ల వేలాది కుటుంబాలు ఇంటి పెరట్లో సిమెంటు తొట్టెలు కట్టుకుని చేపపిల్లల పెంపకంతోనే బతుకుతున్నాయి. పదో పాతికో రూపాయలకు అమ్ముడుపోయే చేపకు వైద్యుడి ధ్రువపత్రం ఎక్కడి నుంచి తేవాలని వారు నిలదీశారు. అందులో న్యాయం లేకపోలేదు. చివరకు కేంద్రం ఆ నిబంధనలను ఉపసంహరించుకుంది.

మరుసటి ఏడాది 2018 సెప్టెంబరులో పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనలు వచ్చాయి. నమోదు లేకుండా దుకాణం నడపరాదని, పక్కా కట్టడంలోనే వ్యాపారం చేయాలని, ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లలను, పిల్లికూనలను అమ్మరాదని, కొనుగోలు, అమ్మకాల దస్త్రాలు ఉంచాలని ఇవి చెబుతున్నాయి. వీటిలో పెంపుడు జంతువు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కుక్క, పిల్లి, కుందేలు, గినీ పంది, హామ్‌స్టర్, ఎలుక జాతి జీవులు, పంజరపు పక్షులు మాత్రమే ఉన్నాయి. చేప లేదు. తాబేలు లేదు.

పోనీ మూల చట్టమైన 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోనైనా దిక్కుందా అంటే, మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ జంతువేనని అది ఉదారంగా నిర్వచించింది. ఆ లెక్కన చేపను హింసించినా నేరమే. శిక్ష ఎంత? మొదటిసారి నేరానికి రూ.10 నుంచి రూ.50 వరకు జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే రూ.25 నుంచి రూ.100 వరకు జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ. ఆరు దశాబ్దాల నాటి ఈ అంకెలు చూసి భయపడే వ్యాపారి ఎవరుంటారు? తొట్టెలోని ఒక చేప ఖరీదుతో మొత్తం నేరం మాఫీ అయిపోతుంది.

అలాగని చేపలన్నీ చట్టం బయట ఉన్నాయనుకోవడమూ పొరపాటే. సముద్రపు గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పగడాలూ రక్షిత జీవులే. అదృష్టం తెస్తుందని లక్షలు పోసి కొనే ఆసియా అరోవానా సైటిస్ మొదటి అనుబంధంలోనిది. దక్షిణ అమెరికాకు చెందిన వెండి అరోవానాకు అలాంటి ఆంక్ష లేదు. పేరు ఒకటే, రూపం దగ్గరిదగ్గరగానే ఉంటుంది. చట్టం మాత్రం వేరు. రంగురంగుల సముద్రపు తొట్టె కావాలని ముచ్చటపడే సంపన్న కుటుంబాలు గమనించాల్సిన సంగతి ఇది.

తొట్టె నుంచి చెరువుకు... చెరువు నుంచి మూసీకి

చేపల వ్యాపారాన్ని నియంత్రించకపోతే కొంపలేం మునుగుతాయన్న ప్రశ్న సహజం. దానికి సమాధానం మన జలాశయాల్లోనే ఉంది. అక్వేరియం గోడలకు పట్టిన పాకుడును తినేస్తుందని ట్యాంక్ క్లీనర్ పేరుతో అమ్మే సక్కర్ చేప అందరికీ తెలిసిందే. దక్షిణ అమెరికా దీని పుట్టిల్లు. కొన్నప్పుడు బొటనవేలంత ఉంటుంది. రెండు మూడేళ్లలో తొట్టె పట్టనంతగా పెరుగుతుంది. చంపడానికి మనసొప్పదు. దుకాణదారు తిరిగి తీసుకోడు. పుణ్యం వస్తుందని దగ్గరలోని చెరువులో వదిలేస్తారు. కథ అక్కడితో ముగియదు, మొదలవుతుంది.

ఒంటినిండా ఎముకల పెంకులతో, గరుకు ముళ్లతో ఉండే ఈ చేపను మన చేపలు, కొంగలు తినలేవు. మురుగు నీటిలోనూ బతుకుతుంది. గట్లలో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. మత్స్యకారుల వలలో పడితే వల చిరగడమే తప్ప పైసా రాదు. కృష్ణా తీరంలోని జాలర్లు దీన్ని దెయ్యం చేప అని ఊరకే అనలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లోని డీఎన్‌ఏ ఆధారంగా దీని జాడ పసిగట్టే పద్ధతిని రూపొందించి తూర్పు కనుమల్లో పరీక్షించారు. అక్కడి నీటి వనరుల్లో సుమారు 60 శాతం దాకా ఇది వ్యాపించినట్లు వారు తేల్చారు. తొట్టె శుభ్రం చేయడానికి తెచ్చిన చేప ఊరి చెరువును పాడు చేస్తోంది.

నగర తూర్పు ప్రాంతానికి ఈ ముప్పు మరింత దగ్గరిది. కుతుబ్‌షాహీల కాలం నాటి సరూర్‌నగర్ చెరువు ఈ కాలనీల నడుమనే ఉంది. ఇక్కడి చెరువులు విడివిడి గుంటలు కావు, గొలుసుకట్టువి. పై చెరువు అలుగు పారితే నీరు కింది చెరువుకు చేరుతుంది. అక్కడి నుంచి మూసీలో, మూసీ వెంట సాగి నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 2020 అక్టోబరు వరదల్లో సరూర్‌నగర్ చెరువు పొంగి చుట్టుపక్కల కాలనీలు నీట మునగడం స్థానికులు మరచిపోలేదు. అలాంటి వరదలో చెరువులోని జీవి ఏ దూరానికైనా కొట్టుకుపోగలదు. కొత్తపేటలో ఒక గృహస్థు జాలిపడి వదిలిన చేప నల్లగొండ మత్స్యకారుడి నోటి దగ్గరి కూడు లాగేయగలదన్న మాట అతిశయోక్తి కాదు.

శ్రీనగర్‌లోని దాల్ సరస్సులో 2023లో ఉత్తర అమెరికాకు చెందిన ఎలిగేటర్ గార్ చేప దొరకడం కలకలం రేపింది. అది ఈదుకుంటూ రాలేదు. ఎవరో పెంచుకుని వదిలినదే అయి ఉంటుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ సాగును కేంద్రం 2000లోనే నిషేధించినా, వాటిని ధ్వంసం చేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. నిషేధం రాయడం తేలిక, ఒకసారి నీటిలోకి వెళ్లిన జీవిని వెనక్కి తేవడం అసాధ్యం. చెరువు నిండాక గట్టు కట్టినట్లే అవుతుంది.

రూపాయి బిళ్లంత తాబేలు

తాబేళ్లదీ ఇదే బాట. కళ్ల వెనక ఎర్రచార ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్ పిల్ల అరచేతిలో ముద్దుగా ఉంటుంది. అది ఇరవై ముప్ఫై ఏళ్లు బతుకుతుందనీ, పెద్ద పళ్లెమంత పెరుగుతుందనీ అమ్మేవారు చెప్పరు. ప్రపంచంలోని అతి ప్రమాదకరమైన వంద చొరబాటు జీవుల జాబితాలో దీనికీ చోటుంది. మన చెరువుల్లోని దేశీయ తాబేళ్ల ఆహారాన్నీ, ఆవాసాన్నీ ఇది ఆక్రమిస్తుంది. మన జీవి కాదు కనుక వన్యప్రాణి చట్టం మొదటి రెండు షెడ్యూళ్లలో లేదు. పెంపుడు దుకాణాల నిబంధనల నిర్వచనంలోనూ లేదు. మన చెరువు తాబేలును పట్టి అమ్మితే మాత్రం జైలే.

దీనివల్ల ఆరోగ్యానికీ ముప్పుంది. తాబేళ్ల ఒంటిపై ఉండే సాల్మొనెల్లా సూక్ష్మజీవి చిన్నపిల్లల్లో తీవ్రమైన విరేచనాలు, జ్వరానికి కారణమవుతుంది. అందుకే అమెరికా 1975లోనే నాలుగంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. చిలుక జాతుల రెట్టల ధూళి నుంచి సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు మనుషులకు సోకుతుంది. ఇరుకైన గదుల్లో, గాలి ఆడని వసతి గృహాల్లో ఈ జీవులను పెంచేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

చొరబాటు జీవులను అదుపు చేసే అధికారం కేంద్రానికి లేదనుకోవద్దు. 2022 సవరణలో చేర్చిన 62ఎ సెక్షన్ కింద హానికరమైన విదేశీ జాతుల దిగుమతి, వ్యాపారం, పెంపకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం కేంద్రానికి దఖలు పడింది. కత్తి ఒరలో ఉంది. దూయడమే తరువాయి.

నలుగురి పెత్తనం... ఎవరికీ పట్టదు

పట్టించుకోవాల్సిన శాఖలు లేక కాదు, ఎక్కువై ఈ వ్యాపారం గాలికి వదిలేసినట్లయింది. దేశీయ వన్యప్రాణులు, నమోదు కావాల్సిన విదేశీ జీవులు అటవీశాఖ పరిధి. కుక్కలు, పిల్లులు, పక్షుల దుకాణాలు పశుసంవర్ధక శాఖతో ముడిపడిన రాష్ట్ర జంతు సంక్షేమ మండలి పరిధి. చేపలు మత్స్యశాఖ పరిధి. దుకాణానికి వ్యాపార అనుమతి ఇచ్చేది పురపాలక యంత్రాంగం. ఇవి చాలవన్నట్లు మలక్‌పేట, మూసారాంబాగ్ హైదరాబాద్ జిల్లాలో ఉంటే కొత్తపేట, సరూర్‌నగర్, ఎల్బీనగర్ రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. ఒకే రహదారి మీది రెండు దుకాణాలకు ఇద్దరు కలెక్టర్లు.

వీటిలో మత్స్యశాఖది మరీ ఇరకాటం. అది నియంత్రించే శాఖ కన్నా ప్రోత్సహించే శాఖ. కేంద్రం 2020లో రూ.20,050 కోట్లతో ప్రారంభించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకార చేపల పెంపక కేంద్రాలకూ రాయితీ ఉంది. సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం ఇస్తారు. పెంచమని రాయితీ ఇచ్చే ప్రభుత్వం, ఎలా అమ్మాలో మాత్రం చెప్పడం లేదు. ఒక చేత్తో విత్తు చల్లి, మరో చేయి కట్టుకు కూర్చున్నట్లుంది.

వ్యాపారుల గోడూ వినాలి

ఈ వ్యవహారంలో చిన్న వ్యాపారిని దోషిగా నిలబెట్టి చేతులు దులుపుకోవడం సులభం. అది న్యాయం కాదు. అక్వేరియం అంగళ్లలో చాలావరకు అద్దె గదుల్లో కుటుంబమంతా కష్టపడి నడుపుకునే చిన్న వ్యాపారాలు. చేపలు చెన్నై, కోల్‌కతాల నుంచి ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి. దారిలో కొన్ని, తొట్టెలో మరికొన్ని చనిపోతాయి. వేసవిలో కరెంటు పోతే గాలి యంత్రం ఆగి తొట్టె తొట్టె తుడిచిపెట్టుకుపోతుంది. చేప బతకడం వ్యాపారికీ లాభమే. కాబట్టి సక్రమమైన నియమాలకు అతను శత్రువు కానక్కర్లేదు. నియమం అర్థమయ్యేలా, ఆచరణకు వీలుగా ఉంటే పాటిస్తాడు. లేకుంటే తనిఖీకి వచ్చినవారి చేయి తడిపి బయటపడే మార్గం చూసుకుంటాడు. 2017 నిబంధనలు వీగిపోయిన అనుభవం చెప్పే పాఠం ఇదే. అసాధ్యమైన నిబంధన కన్నా సాధ్యమైన చిన్న నిబంధన మేలు.

కొందరు జంతుప్రేమికులు ఈ వ్యాపారాన్నే పూర్తిగా నిషేధించాలంటారు. వారి ఆవేదన అర్థం చేసుకోదగినదే. దేశీయ పక్షుల వ్యాపారాన్ని మూడు దశాబ్దాల కిందట నిషేధించినా అది మాయం కాలేదు, తలుపు చాటుకు వెళ్లింది. చాటున సాగే వ్యాపారంలో జీవికి తిండీ గాలీ మరింత కరవవుతాయి. అడవి జీవుల విషయంలో నిషేధం తప్పదు. తొట్టెల్లోనే తరతరాలుగా పుట్టి పెరుగుతున్న గప్పీ, మోలీ, గోల్డ్‌ఫిష్‌ల విషయంలో నిషేధం కన్నా క్రమబద్ధీకరణే ఫలితమిస్తుంది.

చేయాల్సింది కొండంత కాదు

మత్స్య వ్యవహారాలు రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలు ప్రకారం రాష్ట్ర జాబితాలోనివి. కాబట్టి ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోకుండా అలంకార చేపల వ్యాపారానికి సంక్షిప్తమైన నిబంధనలు తెచ్చుకునే అధికారం రాష్ట్రానికి ఉంది. వాటిలో నాలుగైదు అంశాలు చాలు. తొట్టె పరిమాణానికి తగినన్ని చేపలే ఉంచడం. రంగులద్దిన చేపలను అమ్మకపోవడం. సక్కర్ చేప, ఎలిగేటర్ గార్, ఎర్రచెవి తాబేలు వంటి చొరబాటు జీవుల అమ్మకాన్ని ఆపడం. ప్రతి అమ్మకానికి జీవి పేరుతో రసీదు ఇవ్వడం. అది ఎంత పెరుగుతుందో, ఎన్నేళ్లు బతుకుతుందో తెలుగులో బోర్డు పెట్టడం. వీటిలో ఏ ఒక్కదానికీ వైద్యుడి ధ్రువపత్రం అక్కర్లేదు, లక్షల పెట్టుబడీ అక్కర్లేదు.

రెండోది, వ్యాపార అనుమతి పునరుద్ధరణ సమయంలోనే జంతు సంక్షేమ మండలి నమోదు పత్రం అడిగే ఏర్పాటు. ఇప్పటికే ఏటా దుకాణానికి సంబంధించిన కాగితాలు చూసే యంత్రాంగం ఉన్నప్పుడు మరో కాగితం అడగడం భారం కాబోదు. అటవీ, మత్స్య, పశుసంవర్ధక శాఖల సిబ్బంది విడివిడిగా కాక కలిసి తనిఖీకి వెళ్తే ఒకరి పరిధి మరొకరిదని తప్పించుకునే వీలుండదు.

మూడోది అన్నింటికన్నా ముఖ్యమైనది. పెంచలేకపోయిన జీవిని అప్పగించే చోటు ఒకటి కావాలి. ఎల్బీనగర్ దాటగానే వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి జాతీయ పార్కు ఉంది. నగరానికి ఆ పక్క నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉంది. అయినా పెరిగి పెద్దదైన తాబేలునో, సక్కర్ చేపనో ఎక్కడ ఇవ్వాలో సగటు గృహస్థుకు తెలియదు. నెలకొకసారి వార్డు స్థాయిలో ఇలాంటి జీవులను స్వీకరించే ఏర్పాటు చేసి, ఇచ్చినవారిని వేధించబోమని హామీ ఇస్తే చెరువుల్లోకి చేరేవి చాలావరకు తగ్గుతాయి. చెరువు గట్ల మీద పూజా సామగ్రి వేయవద్దని బోర్డులు పెడుతున్నారు. అక్వేరియం చేపలు వదలవద్దని మరో వాక్యం రాస్తే సరిపోతుంది.

కొనే ముందు...

ప్రభుత్వం మేలుకునే వరకు కొనుగోలుదారు చేయగలిగినవీ ఉన్నాయి. దేశీయ చిలుక, మునియా, నక్షత్ర తాబేలు, చెరువు తాబేలు ఎంత చౌకగా ఇస్తామన్నా ముట్టరాదు. విదేశీ చిలుక, ఇగువానా, కొండచిలువ కొనేవారు నమోదు పత్రం, బదిలీ కాగితాలు చూపించమని అడగాలి. కాగితాలు తర్వాత చూసుకుందామని చెబితే వెనుదిరగడమే క్షేమం. దుకాణానికి మండలి నమోదు ఉందా అని అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. మందుల దుకాణంలో రసీదు అడిగినట్లే ఇక్కడా అడగాలి. చేప కొనేటప్పుడు దాని ధర కాక, పెరిగాక దాని పొడవు ఎంతో ముందు అడగాలి. తొట్టెలో చోటు లేని చేపను కొనడమంటే చెరువులో వదలడానికి కొనడమే.

పెంపకం అనే మాటలో ప్రేమతో పాటు బాధ్యతా ఉంది. కన్నబిడ్డకు పుట్టిన రోజు నుంచే కాగితం కావాలనుకునే సమాజం, ఇంటికి తెచ్చుకునే మూగజీవికి ఒక రసీదు చాలునని కూడా అనుకోవడం లేదు. రంగు చేప నోరు విప్పి ఫిర్యాదు చేయలేదు. దాని తరఫున అడగాల్సింది కొనేవారు, జవాబు చెప్పాల్సింది అమ్మేవారు, ఇద్దరి మధ్య నిలవాల్సింది ప్రభుత్వం. ఈ ముగ్గురిలో ఎవరు ముందు కదిలినా సరూర్‌నగర్ చెరువుకు, దాని దిగువన ఉన్న మత్స్యకారులకు మేలే జరుగుతుంది.